చెవిలో పాట

అంగడిలో కుండ కొనేవారు మొదట దానిని వేలి కణుపుతో తట్టి చూస్తారు. ఖంగుమని మోగితే ఇంటికి తెచ్చుకుంటారు. బొంగురుగా పలికితే ఎక్కడో కంటికి కనిపించని పగులు ఉన్నదని గ్రహించి పక్కన పెడతారు. ఎడ్లను కొనేవారు పళ్ళు చూస్తారు. వేరుశనగ విత్తనం కొనే రైతు నాలుగు కాయలు ఒలిచి ఒక గింజను నోట వేసుకుంటాడు. నల్లగొండ, పాలమూరు మెట్ట నేలల్లో డబ్బు కష్టంమీద చేతికి వస్తుంది. అందువల్ల అది చేయి దాటే ముందు ఇంత పరీక్ష జరుగుతుంది. చిత్రమేమంటే, ఇన్ని పరీక్షలు తెలిసిన ఇళ్ళలోనే హెడ్‌ఫోన్‌ను మాత్రం పెట్టె మీది బొమ్మను చూసి కొంటున్నారు. చెవితో ఎంచుకోవలసిన వస్తువును కంటితో ఎంచుకుంటున్నారు.

కొండమల్లేపల్లి వైపు పల్లె నుంచి ప్రతిదినం నల్లగొండకు వచ్చి ఇంటర్మీడియట్ చదివే ఒక విద్యార్థిని ఉన్నదనుకుందాం. బస్సులో పోవడానికి గంటకు పైగా, రావడానికి గంటకు పైగా పడుతుంది. 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైన తరువాత, అంతకు ముందు బస్సు పాసుకని తీసి పెట్టే పైకం ఇంట్లో మిగలసాగింది. అట్లా కూడిన దానిలో నుంచి తండ్రి అయిదు వందల రూపాయలు ఆమె చేతికిచ్చి ఇయర్‌ఫోన్ కొనుక్కోమన్నాడు. అయితే ఆ ఇంట్లో పాటలు వినదగిన ఫోను ఒక్కటే. సాయంత్రం ఆమె ఇల్లు చేరగానే అది నలుగురి చేతులు మారుతుంది. కాబట్టి కొనబోయే ఇయర్‌ఫోన్ ఆమె ఒక్కదానికే కాక ఇంటిల్లిపాదికీ పనికిరావాలి.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఆ ఇంట్లో ఎవరి పాట వారిది. తండ్రికి ఘంటసాల పాడిన పాత పాటలంటే ప్రాణం. తల్లి పుట్టినిల్లు డిండి దాటిన తరువాత వచ్చే అచ్చంపేట ప్రాంతం. ఆమె చిన్ననాట విన్న కిన్నెర మోత ఇప్పటికీ ఆమె చెవిని వదలలేదు. తమ్ముడికి గుండె అదిరే కొత్త సినిమా దరువులు కావాలి. విద్యార్థినికి ఇళయరాజా, రెహమాన్‌లతో పాటు గోరటి వెంకన్న పాటలూ ఇష్టమే. ఇక అవ్వ. ఆమె ఎవరి పాటా వినదు. బతుకమ్మ పండుగనాడు ఆమె చప్పట్లు చరుస్తూ పాడగా మనుమరాలు ఫోనులో ఎక్కించి ఉంచిన పాట ఒకటి ఉన్నది. ఆ ఇంటి పాటలన్నిటిలోనూ మళ్ళీ దొరకనిది అదొక్కటే.

ఈ వైవిధ్యం ఆ ఒక్క ఇంటి విశేషం కాదు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్‌లో మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరువేరుగా నిలిచాయి. 2019లో నారాయణపేట కూడా జిల్లా అయింది. కాగితం మీద హద్దులు ఎన్ని మారినా పాటకు మాత్రం హద్దు లేదు. నీళ్ళకు కరువు వచ్చిన ఏళ్ళలో సైతం ఈ సీమలో పాటకు కరువు రాలేదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఊరూరా మోగిన పాటలు కట్టిన సుద్దాల హనుమంతు నల్లగొండ వాడు. ‘వల్లంకి తాళం’ అనే కవితా సంపుటికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న గోరటి వెంకన్న పాలమూరు వాడు. పల్లెల్లో డప్పు, ఒగ్గు డోలు, భజన తాళాలు ఒకదాని వెంట ఒకటి వినిపిస్తూనే ఉంటాయి.

కిన్నెరను గురించి కొంత చెప్పుకోవాలి. పొడవైన వెదురు బొంగు, దానికి కట్టిన ఎండు సొరకాయ బుర్రలు, తీగలు, మైనంతో నిలిపిన మెట్లు కలిస్తే కిన్నెర. ఉన్నవారిని కొల్లగొట్టి లేనివారికి పెట్టిన పండుగ సాయన్న కథను పాలమూరు పల్లెలు ఈ వాద్యం తోడుగానే విన్నాయి. పన్నెండు మెట్ల కిన్నెరను నిలిపి ఉంచిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. అదే ఏడాది విడుదలైన ‘భీమ్లా నాయక్’ చిత్రం పాటలో ఆయన గొంతూ కిన్నెరా వినిపించడంతో, అంతవరకు ఆ పేరైనా ఎరుగని పట్నపు యువకులు సైతం ఆ వాద్యాన్ని తమ చెవుల్లో పెట్టుకున్నారు. తీగ మోతను బుర్ర పెంచుతుంది. బుర్ర ఎంత, దాని గోడ ఎంత మందం, అది ఎంతగా ఎండింది అన్నదానిని బట్టి నాదం మారుతుంది. హెడ్‌ఫోన్ గుణం కూడా ఇటువంటి చిన్న సంగతులమీదనే ఆధారపడి ఉంటుంది.

ఇయర్‌ఫోన్ లోపల ఉండేది మూడే వస్తువులు: ఒక చిన్న అయస్కాంతం, దాని దగ్గర సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అంటుకున్న పలుచని పొర. ఫోను నుంచి వచ్చే విద్యుత్తు హెచ్చుతగ్గులకు లోనైనప్పుడల్లా చుట్ట ముందుకు వెనుకకు కదులుతుంది. దానితో పొర కదిలి గాలిని కదుపుతుంది. డప్పు తోలు పెద్దగా చేసే పనిని ఈ పొర చిటికెన వేలిగోరంత స్థలంలో చేస్తుంది. ఒక్క తేడా ఉన్నది. డప్పు తోలు డప్పుగా మాత్రమే మోగుతుంది. ఈ పొర డప్పుగా, కిన్నెరగా, ఘంటసాల గొంతుగా, అవ్వ చప్పట్లుగా కూడా మోగవలసి ఉంటుంది. అన్నిటికీ సమంగా లొంగే పొరను తయారుచేయడం తేలిక కాదు. చవుక సరుకులో తయారీదారు ఏదో ఒక వైపు మొగ్గు చూపుతాడు. మార్కెట్లో ఎక్కువగా అమ్ముడుపోయేది గుమగుమలాడే కిందిస్థాయి మోత, అంటే బేస్. అందుచేత మొగ్గు అటే ఉంటుంది.

పరీక్షకు డప్పును మించిన సాధనం లేదు. డప్పు కొట్టేవారు తోలును మంటకు కాచి బిగువు రప్పిస్తారు. ఒక చేతిలో పొట్టి, లావు చిర్ర. ఇంకొక చేతిలో సన్నని చిటికెన పుల్ల. చిర్ర దెబ్బ పొట్టలో తగులుతుంది. చిటికెన పుల్ల దెబ్బ గాజు పగిలినట్లు చురుక్కుమంటుంది. మంచి ఇయర్‌ఫోన్‌లో ఈ రెండూ వేరువేరుగా వినిపిస్తాయి. బేస్ అతిగా పెంచిన దానిలో చిర్ర మోత దుప్పటిలా పరచుకొని చిటికెన పుల్లను కప్పేస్తుంది. మరీ నాసిరకం దానిలో చిర్ర మాయమై పుల్ల ఒక్కటే కీచుమంటుంది. రెండు నిమిషాల డప్పు చెప్పే ఈ నిజాన్ని పెట్టె మీది అంకెలు చెప్పలేవు.

ఆ అంకెలను కూడా ఒకసారి చూడాలి. ‘20 – 20,000 హెర్ట్జ్’ అని దాదాపు ప్రతి పెట్టె మీదా ఉంటుంది. మనిషి చెవి వినగలిగిన హద్దులు స్థూలంగా అవే. ఆ హద్దుల మధ్య ఏ స్వరం ఎక్కువగా, ఏ స్వరం తక్కువగా పలుకుతుందో ఆ అంకె తెలుపదు. ఊరికి ఈ కొస నుంచి ఆ కొస దాకా బాట ఉన్నదని చెబితే బాటలో గుంతలెన్నో తెలియనట్లే. పొర వ్యాసం ‘10 మిల్లీమీటర్లు’, ‘14 మిల్లీమీటర్లు’ అని గొప్పగా వేస్తారు. పెద్ద పొర అంటే మంచి పొర అని అర్థం కాదు. కొంచెం పనికివచ్చే అంకె ఓములది. 16 లేక 32 ఓములున్న వాటిని ఫోను సులువుగా పలికిస్తుంది. ధ్వనిముద్రణ గదుల్లో వాడే 250, 300 ఓముల హెడ్‌ఫోన్లను ఫోనుకు తగిలిస్తే అవి గొంతు పట్టినట్లు వినిపిస్తాయి.

అంకెలన్నిటికంటె ముఖ్యమైనది, ఎవరూ పట్టించుకోనిది, చెవిలో అమరిక. ఇయర్‌ఫోన్‌తో పాటు చిన్నవి, నడిమివి, పెద్దవి అని మూడు జతల రబ్బరు తొడుగులు వస్తాయి. చాలామంది పెట్టె విప్పినప్పుడు దేనికి అమర్చి ఉంటే దానితోనే కాలం గడుపుతారు. మిగిలినవి గూట్లో పోతాయి. తొడుగు చెవికి వదులైతే ఆ సందులో నుంచి కిందిస్థాయి మోత జారిపోతుంది, బయటి రొద లోపలికి వస్తుంది. వినేవాడు ఇయర్‌ఫోన్‌లో బేస్ లేదని తలచి శబ్దం పెంచుతాడు. తొడుగు మార్చితే తీరే లోపానికి చెవి మూల్యం చెల్లిస్తుంది. ఒకే మనిషికి రెండు చెవులకు రెండు కొలతలు కావలసి రావడం కూడా వింతేమీ కాదు.

అట్లని రబ్బరు తొడుగులు అందరికీ అన్నివేళలా తగినవని కాదు. గొర్రెల కాపరి చెలకలో ఫోను జేబులో వేసుకొని పాటలు వింటాడు. మంద చెదిరినా, కంచెలో పాము కదిలినా అతనికి వినిపించాలి. బత్తాయి తోట కావలివానికీ అంతే. వారికి చెవిని పూర్తిగా మూయని, తొడుగు లేని పాత రకమే మేలు. బస్సులో కూర్చున్నవారికి కావలసింది వేరు. ఇంజను రొద, కిటికీ అద్దాల గలగల, నిలబడ్డవారి ముచ్చట్లు అన్నీ కలిసిన చోట చెవి మూసుకుంటే తప్ప మెల్లగా పాట వినడం సాధ్యం కాదు. అయితే అదే తొడుగు బస్సు దిగి రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల పక్కన నడిచేటప్పుడు ప్రాణాపాయం. దిగే ముందే దానిని తీసి జేబులో వేసుకోవాలి.

రొదను యంత్రంతోనే అణచే పద్ధతి ఒకటి ఉన్నది. దాని కథలో ఒక భారతీయ సంబంధమూ ఉన్నది. వంగదేశం నుంచి అమెరికాకు వెళ్ళిన ఒక స్వాతంత్ర్య సమరయోధుని కుమారుడు అమర్ బోస్. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడు. 1978లో జ్యూరిచ్ నుంచి తిరిగి వస్తూ విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంజను మోతలో సంగీతం మునిగిపోయింది. రొదకు సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి రెండింటినీ కొట్టివేయవచ్చునన్న ఆలోచనతో అక్కడే లెక్కలు మొదలుపెట్టాడు. విమాన చోదకుల కోసం ఆయన సంస్థ అటువంటి హెడ్‌ఫోన్‌ను 1989లో అమ్మకానికి తెచ్చింది. ఇప్పుడు ఈ విద్య కొన్ని చవుక పరికరాల్లోకి కూడా దిగింది. ఎడతెగక ఒకే తీరుగా మోగే ఇంజను రొదను అది బాగా తగ్గిస్తుంది. హారన్లను, మాటలను అంతగా తగ్గించలేదు. కొనేవారు మోసపోయే చోటు ఇంకొకటి ఉన్నది. పెట్టె మీద ‘ఏఎన్‌సీ’ అని ఉంటే వినేవారి చెవికి రొద తగ్గుతుందని అర్థం. ‘ఈఎన్‌సీ’ అని ఉంటే ఫోనులో మాట్లాడేటప్పుడు అవతలివారికి రొద తగ్గుతుందని అర్థం. ఒక్క అక్షరం తేడాతో చవుక సరుకు ఖరీదైన సరుకులా కనిపిస్తుంది.

తీగ ఉన్నది మేలా, తీగ లేనిది మేలా అన్న వాదం ఇంటింటా ఉన్నది. తీగ లేనిదానికి సొగసు ఎక్కువ, పనిలో అడ్డం రాదు. కాని దానిలోపల బ్యాటరీ ఉంటుంది. రెండు మూడేళ్ళలో అది ముసలిదవుతుంది. మార్చడానికి సామాన్యంగా వీలుండదు. ఒకటి పడిపోతే రెండోది వ్యర్థం. అయిదు వందల్లో కొనేటప్పుడు ఆ డబ్బులో పెద్ద భాగం బ్యాటరీకి, పెట్టెకు, లోపలి యంత్రానికి పోతుంది. పాట పలికించే పొరకు మిగిలేది కొంచెమే. తీగ ఉన్నదానిలో ఆ పైకం పొరకు దక్కే అవకాశం ఎక్కువ. తీగ సాధారణంగా ఫోనులో గుచ్చే పిన్ను దగ్గర తెగుతుంది. అక్కడ గట్టి రబ్బరు మెడ ఉన్నదా, పిన్ను మూలమట్టంగా వంగి ఉన్నదా అని చూడాలి. తెగినా సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు కాస్త సీసం పెట్టి అతికి ఇస్తాడు. అయితే ఇప్పటి ఫోన్లు కొన్నింటికి గుండ్రని పిన్ను పట్టే రంధ్రమే ఉండటం లేదు. తమ ఫోనుకు ఏది పడుతుందో చూసుకోకుండా దుకాణానికి పోవడం, కాలి కొలత తెలియకుండా చెప్పులు తేవడం వంటిది.

వీటన్నిటికంటె పెద్ద సంగతి ఆ విద్యార్థినికి ఇంట్లోనే తెలుసు. ఆమె తండ్రి ఎన్నో ఏళ్ళు బోరుబండి మీద పనిచేశాడు. నీళ్ళు అడుగుకు పోయిన ఊళ్ళలో రాత్రీ పగలూ బోర్లు వేసిన రోజులవి. కంప్రెషర్ రొద పక్కన నిలబడి చెవిలో దూది కూడా పెట్టుకోక పనిచేసిన ఫలితంగా ఆయన ఎడమ చెవి మందగించింది. పెళ్ళి పందిట్లో నలుగురు నవ్వితే ఎందుకు నవ్వారో ఆయనకు తెలియదు. తానూ నవ్వి ఊరుకుంటాడు. డబ్బు చేతికిచ్చేటప్పుడు ఆయన అన్నది ఒకే మాట: “గట్టిగ పెట్టుకోకు బిడ్డా.”

ఆ మాట వెనుక శాస్త్రం ఉన్నది. లోపలి చెవిలో నత్త ఆకారపు గూడులో సుమారు 16,000 సూక్ష్మమైన రోమకణాలు ఉంటాయి. శబ్ద తరంగాలకు అవి గాలికి జొన్న చేను ఊగినట్లు ఊగి వార్తను మెదడుకు పంపుతాయి. పెను శబ్దానికి అవి వాలిపోతాయి. కొంతసేపు విశ్రాంతి ఇస్తే కొన్ని లేస్తాయి. మాటిమాటికీ దెబ్బ తగిలితే చనిపోతాయి. మనిషిలో అవి మళ్ళీ మొలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవారు 80 డెసిబెళ్ళ శబ్దాన్ని వారానికి 40 గంటలదాకా వినవచ్చు. అదే 90 డెసిబెళ్ళయితే వారానికి 4 గంటలే. అంకె పదే పెరిగింది, కాలం పదో వంతుకు పడిపోయింది. బస్సు రొదలో దానిని మించి పాట వినబడాలని శబ్దం పెంచేవారు ఈ గీతను తెలియకుండానే దాటుతారు. పాట ఆపిన తరువాత చెవిలో ఈల మోగినట్లుంటే, ఎదుటివారి మాట దూరం నుంచి వస్తున్నట్లుంటే, గీత దాటినట్లే. కాబట్టి చవుకలో మంచి ఇయర్‌ఫోన్ ఏది అన్న ప్రశ్నకు, మెల్లగా పెట్టినా పాట మొత్తం వినిపించేది అని జవాబు చెప్పవచ్చు. పెద్దగా పెడితే ఏదైనా బాగానే ఉన్నట్లు తోస్తుంది.

ఆ అమ్మాయి నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక సెల్‌ఫోన్ దుకాణానికి వెళ్ళింది. 2016 తరువాత డేటా చవుక కాకముందు, ఇటువంటి దుకాణాల్లోనే పది ఇరవై రూపాయలకు మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించేవారు.

“ఏం కావాలె చెల్లె?”

“ఇయర్‌ఫోన్ కావాలన్నా. ఐదు వందల లోపల.”

“ఇగో, ఇది తీస్కో. బేస్ మస్తుంటది.”

“ఒకసారి పెట్టుకొని చూస్తనే.”

“పెట్టుకొని చూసెటందుకు ఇవేమన్న బట్టలా చెల్లె?” అని అతడు నవ్వాడు. అయినా విప్పి ఉన్న నమూనాలు మూడు తీసి, తొడుగులు తుడిచి ఇచ్చాడు.

ఆమె ముందే నాలుగు పాటలు ఒకచోట పెట్టుకొని వచ్చింది: ఒక ఘంటసాల పాట, ఒక కిన్నెర పాట, డప్పుతో సాగే కొత్త సినిమా పాట, అవ్వ బతుకమ్మ పాట. తెలియని పాటతో పరీక్షిస్తే లోపం పాటదో పరికరానిదో తెలియదు. వందసార్లు విన్న పాటలో ఏది తగ్గినా చెవి పసిగడుతుంది. నాలుగూ ఫోనులో దిగబడినవే. వాటిలోనూ గట్టి ముద్రణ ఉన్నవే ఎంచుకున్నది. మరీ కుదించిన ఫైలులో పాట ముందే చితికిపోయి ఉంటుంది. ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్ పెట్టినా తాలు గింజ మొలవదు.

మొదటి దానిలో సినిమా పాట అదరగొట్టింది. ఘంటసాల మాత్రం గోళెంలో తల పెట్టి పాడినట్లు వినిపించాడు. అవ్వ మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. రెండోది మిలమిల మెరిసే పెట్టెలో ఉన్నది. దానిలో గొంతులు స్పష్టమే కాని చిర్ర దెబ్బ లేదు, ‘స’ అన్న ప్రతి చోటా చెవిలో సూది గుచ్చినట్లున్నది. అయితే మొదటిసారి వినగానే అదే అన్నిటికంటె బాగున్నట్లు ఆమెకు తోచింది. కాసేపటికి కారణం తెలిసింది. అది మిగిలినవాటికంటె పెద్దగా పలుకుతున్నది. పక్కపక్కన వినేటప్పుడు ఎక్కువ శబ్దం చేసేదే మేలైనదిగా భ్రమ కలగడం మనిషి చెవి బలహీనత. ఆమె శబ్దం రెండు గీతలు తగ్గించి మూడింటినీ సమానం చేసి మళ్ళీ విన్నది. దుకాణదారుకు ఓపిక తగ్గుతున్నది. మూడోది నల్లని మామూలు తీగ. ఏ పాటనూ అదరగొట్టలేదు. కాని చిటికెన పుల్ల, చిర్ర విడివిడిగా వినిపించాయి. కిన్నెర తీగ ఆగిన తరువాత బుర్రలో మిగిలే గుంయి సైతం వినిపించింది. బయట బస్సు హారన్లు మోగుతున్నా ఫోను సగం శబ్దం కూడా దాటలేదు. పిన్ను దగ్గర తీగను వంచి చూసింది. కుడి ఎడమలు సరిగా ఉన్నాయో లేదో చూసింది. నాలుగు వందల యాభై రూపాయలిచ్చి బిల్లు అడిగి తీసుకున్నది.

తిరుగు ప్రయాణంలో స్నేహితురాలు పక్కన కూర్చుంటే ఒక కొస ఆమెకు, ఒక కొస ఈమెకు. ఇది విద్యార్థులందరికీ అలవాటే. ఈ అలవాటుకు పెద్ద చరిత్ర ఉన్నది. హెడ్‌ఫోన్ మొదట వినోద సాధనం కాదు. అమెరికాలో 1910 ప్రాంతాన నథానియెల్ బాల్డ్విన్ వంటింటి బల్లమీద తయారుచేసి పంపిన జతను ఆ దేశపు నౌకాదళం వార్తలు వినడానికి కొన్నది. సంగీతం కోసం రెండు చెవులకు రెండు వేరు ధ్వనులు వినిపించే హెడ్‌ఫోన్‌ను 1958లో జాన్ కాస్ తెచ్చాడు. 1979 జులై 1న జపానులో సోనీ వాక్‌మన్ అమ్మకానికి వచ్చింది. నడుస్తూ పాట వినే రోజులు వచ్చింది దానితోనే. ఆ మొదటి వాక్‌మన్‌కు ఒకటి కాదు, రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలు ఉండేవి. ఒక్కరే చెవులు మూసుకొని పాట వినడం పక్కవారికి అమర్యాదగా తోస్తుందేమోనని సంస్థ పెద్ద సంకోచించాడు. ఆ సంకోచం తరువాతి యంత్రాల్లో నిలవలేదు. బస్సులో ఒకే తీగను పంచుకునే ఇద్దరు మాత్రం దానిని ఇంకా నిలుపుతున్నారు.

కాని పంచుకోవడంలో ఒక నష్టం ఉన్నది. ఇళయరాజా, రెహమాన్ పాటల్లో కుడి చెవికి వచ్చే వాద్యం వేరు, ఎడమ చెవికి వచ్చేది వేరు. చెరో కొస పెట్టుకున్న ఇద్దరికీ చెరి సగం పాటే దక్కుతుంది. ఘంటసాల కాలపు పాటలు చాలావరకు మోనో. రెండు చెవులకూ వచ్చేది ఒకే ధ్వని. వాటిని ఎందరు పంచుకున్నా ఎవరి వాటా తగ్గదు. చాలా ఫోన్లలో వినికిడికి సంబంధించిన అమరికల్లో ‘మోనో ఆడియో’ అన్నది ఉంటుంది. దానిని తెరిస్తే కొత్త పాటల్లోని రెండు ధ్వనులు కూడా కలిసి ఒక్కొక్క చెవికీ పూర్తిగా వస్తాయి. ఒక చెవి మందగించిన వారికోసం పెట్టిన సదుపాయమది. ఆమె బస్సులోనే దానిని వెదికి పెట్టుకున్నది.

ఇంటికి చేరేసరికి పొద్దు గూకింది. అందరికంటె ముందు అవ్వ చెవుల్లో పెట్టింది. చిన్న తొడుగులు మార్చితే గాని అమరలేదు. పాట మొదలైంది. అవ్వ కాసేపు కదలలేదు. తరువాత చెవులు మూసుకున్నవారందరిలాగే తన గొంతు తనకు తెలియక వీధి అంతా వినబడేటట్లు, “ఎవలు బిడ్డా ఈ పాడెటామె? గొంతు మంచిగనే ఉన్నది!” అన్నది. తమ్ముడు పడి పడి నవ్వాడు. “నువ్వే అవ్వా” అంటే నమ్మలేదు. మళ్ళీ మొదటి నుంచి పెట్టించుకొని చివరిదాకా విని, మధ్యలో ఒక చరణం మరిచి దాటవేసినట్లు తానే కనిపెట్టింది. రేపు మళ్ళీ పాడుతాను, సరిగా ఎక్కించుమన్నది.

తండ్రి ఫోను చేతికి తీసుకొని మొదట శబ్దం ఎంత ఉన్నదో చూశాడు. ఒక గీత తగ్గించాడు. ఘంటసాల పాట పెట్టుకొని, ఒక కొసను కుడి చెవిలో ఉంచుకొని గోడకు ఆనుకున్నాడు. రెండో కొస ఛాతీమీద వేలాడుతున్నది. కొంతసేపటికి తమ్ముడు వచ్చి పక్కన కూర్చొని, ఏ పాట అని అడగకుండానే దానిని తన చెవిలో పెట్టుకున్నాడు.